పికప్ బండికి సొంతంగా చేసుకున్న పైకప్పు: రంధ్రాలు వేయకుండా బిగించేదెలా?

ప్రశ్న (చంద్రగిరి):
మదనపల్లె నుంచి పికప్ బండిలో టమాటా తెస్తుంటాను. ఈశాన్య రుతుపవనాల వానలకు ముందే సిద్ధం కావాలని అంగుళం జీఐ పైపును వంచి మూడు కమానులు చేయించి, పైన టార్పాలిన్ పట్ట కప్పాను. కమానుల కాళ్లను బాడీకి తాళ్లతోనే కట్టాను. భాకరాపేట ఘాట్ దాటి వేగం అందుకోగానే ముందు కమాను వెనక్కి వాలిపోయింది. పట్ట మూల పటపటా కొట్టుకొని, రింగు ఉన్నచోట జానెడు చిరిగింది. బాడీ రేకుకు రంధ్రాలు వేయడానికి మనసు ఒప్పడం లేదు. వేరే మార్గం ఉంటే చెప్పగలరు.

సమాధానం (రేణిగుంట):
రంధ్రాలు అక్కర్లేదండీ. ప్రతి కాలినీ బాడీ నిలువు పోస్టుకు ఆనించి, అడుగు ఎడంలో రెండు యూ బోల్టులు (ఇంగ్లీషు U అక్షరంలా వంగి, రెండు కొసలకూ నట్లు బిగించేవి) వేయండి. ఒక్కటే వేస్తే కాలు దాని చుట్టూ తిరుగుతుంది. పైపుకూ పోస్టుకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క పెడితే కాలు జారదు, రంగూ లేచిపోదు. అసలు కమాను వాలిందంటే మూడింటినీ కలిపే దూలం లేదన్నమాట. నడినెత్తిన ఒక పైపు, పక్కలకు ఒక్కొక్కటి వేయించండి. వెల్డింగ్ బండి మీదే చేయవలసి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించడం మరవకండి.

సమాధానం (చిత్తూరు):
పై సలహా మంచిదే కానీ, పట్టను చింపింది గాలి. క్యాబిన్ వైపు సందు ఉంటే గాలి లోపలికి దూరి పట్టను బుడగలా లేపుతుంది, అప్పుడు బరువంతా రింగుల మీదే పడుతుంది. ముందు వైపు పూర్తిగా మూసి, రెండు పట్టలు వాడితే ముందుది వెనకదాని మీదికి వచ్చేలా వేయండి, పెంకుటింట్లో పై వరుస కింది వరుస మీద పడినట్టు. పైన తాడును అడ్డదిడ్డంగా కాక, గుణకారపు గుర్తులా దాటించి బిగించాలి. నేను తోతాపురి కాయలకు వెనకవైపు కొంత తెరిచే ఉంచుతాను. టమాటా అయితే మూసేసిన పట్ట కింద ఉక్కకు ఇంకా త్వరగా మెత్తబడుతుంది.

ఇంకొక మాట: రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది కనుక, శాశ్వతంగా అతికించే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. యూ బోల్టులు, నడి దూలం వేయించాను. నిన్న వాయల్పాడు మీదుగా వచ్చేటప్పుడు పట్ట చప్పుడే లేదు. అయితే రెండు, మూడు కమానుల నడుమ కుడి పక్కన పట్ట గుంటపడి బకెట్టెడు నీళ్లు నిలిచాయి.

సమాధానం (రేణిగుంట):
పక్క పైపులు వేయించలేదు కదా! అవి పడితే గుంట పోతుంది. ఈ లోపు బోల్టులను కూడా మరొకసారి బిగించండి. ట్యూబు ముక్క నలిగాక అవి తప్పక వదులవుతాయి.