ఈ వారం మూడు సినిమాలు: ఏది చూడాలి, ఏది వదిలేయాలి? (నెల్లూరు, ఒంగోలు వాళ్లు చెప్పండి)

వేదాయపాళెం బండి | శుక్రవారం ఉదయం 8:40
నాకు ఆదివారం ఒక్కరోజే సెలవు. ఇంట్లో అయిదుగురం. నేను, మా ఆవిడ, మోకాళ్ల నొప్పులతో అమ్మ, ఇంటర్ చదివే పాప, ఎనిమిదేళ్ల బుడ్డోడు. ఈ వారం దిగినవి మూడు: పెద్ద హీరో కత్తుల సినిమా, కొత్తవాళ్ల కామెడీ, తమిళం నుంచి వచ్చిన దెయ్యం. పేర్లు రాస్తే పోయిన వారం లాగా ఫ్యాన్స్ కొట్టుకుంటారు, అందుకే రాయలేదు. రెండు వేలల్లో అంతా అయిపోవాలి. ఏది చూడమంటారు, ఏ హాల్లో? అమ్మకి మెట్లెక్కే పని లేకపోతే మేలు.

పొగతోట మందుబిళ్ల | 8:52
పెద్దది వద్దు. నాలుగింటికే లేచి అమెరికా టాక్ చూసి, మొదటి ఆటకి పరిగెత్తా. ఇంటర్వెల్ దాకా పర్వాలేదు. ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్, ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో ఇంకో ఫ్లాష్‌బ్యాక్. ఇప్పుడే షాపు తెరిచా. మొదటి గిరాకీ నేనే, తలనొప్పి బిళ్ల వేసుకున్నా.

మూలాపేట మూడో వరుస | 8:58
అమెరికా టాక్ నమ్మినందుకు నీకు ఆ మాత్రం జరగాల్సిందే అన్నా. అక్కడ గురువారం సాయంత్రం ఆట పడితే మనకి శుక్రవారం తెల్లవారుజాము. ఆ ఆటకి వచ్చేది ఎవరు? కాగితాలు చించి ఎగరేసే అభిమానులు. సినిమా బాగాలేదని ఒప్పుకోవడానికి వాళ్లకి మూడు రోజులు పడుతుంది. నా పద్ధతి వేరు. శనివారం మధ్యాహ్నం యాప్ తెరిచి సాయంత్రం ఆటకి మన ఊళ్లో సీట్లు ఎట్టా నిండుతున్నాయో చూస్తా. తెర ముందు వరుసలు కూడా పోతుంటే సినిమా ఆడుతున్నట్టు. వెనక రెండు వరుసల్లో జంటలు మాత్రమే ఉంటే అయిపోయినట్టు. ఈ లెక్క నాకు రెండుసార్లే తప్పింది.

చీరాల ఇంకా ప్రకాశమే | 9:15
కామెడీ చూడండి, ఈ ఆదివారమే చూడండి. పెద్ద సినిమా ఎక్కడికీ పోదు. 2022 మార్చి జీవో చదివినవాళ్లకి తెలుసు, భారీ బడ్జెట్ సినిమాకి రేటు పెంచుకోవడానికి ఇచ్చింది మొదటి పది రోజులు. ఆ తర్వాత మామూలు రేటే. చిన్న సినిమాకి అంత టైం ఉండదు. మా ఊళ్లో దానికి రోజుకి ఒక్క ఆట ఇచ్చారు, అది కూడా మిట్టమధ్యాహ్నం. సోమవారం పోతే పోస్టర్ మీద ఇంకో పోస్టర్ ఉంటుంది.

ఒంగోలు కోడె | 9:21
చీరాల బాపట్ల జిల్లా కదా, ఇక్కడేం పని?

చీరాల ఇంకా ప్రకాశమే | 9:22
2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి గీత గీసింది ప్రభుత్వం, నేను కాదు. పేరు చదవలేదా?

కందుకూరు కూడలి | 9:30
మీ బాధ ఏం బాధ. అదే ఏప్రిల్‌లో మమ్మల్ని తీసుకెళ్లి నెల్లూరులో కలిపారు. సినిమాకి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒంగోలే పోతాం. సినిమాకి పోయేవాడు దగ్గరి ఊరు చూసుకుంటాడు గానీ కలెక్టరాఫీసు యాడుందని చూస్తాడా?

ఒంగోలు కోడె | 9:33
సరే, అందరూ మా ఊరే రండి. పార్కింగ్ మాత్రం అడగొద్దు.

తడ దాకా | 10:05
అన్నా, పెద్ద సినిమా చూడాలంటే సూళ్లూరుపేట పో. అక్కడ 2019లో తెరిచిన హాలుంది, దాని తెర వెడల్పే వంద అడుగుల దాకా. అందులో చూశాక నెల్లూరులో చూస్తే ఇంట్లో టీవీ చూసినట్టుంటుంది. కథ సోది అయినా అక్కడ చెల్లిపోతుంది.

పొగతోట మందుబిళ్ల | 10:11
ఆయన మోకాళ్ల నొప్పుల అమ్మ గురించి రాశాడు. నువ్వు పోను వంద, రాను వంద కిలోమీటర్లు తిప్పుతున్నావు. కారు అద్దెకే రెండు వేలు చాలవు.

తడ దాకా | 10:14
రైల్లో పోవచ్చు కదా.

క్యాబిన్ బాబాయ్ | 10:40
తెర వెడల్పు గురించి మాట్లాడే ముందు వెలుతురు గురించి తెలుసుకోండి పిల్లలూ. నేను కార్బన్ కడ్డీలు వెలిగించి ఆట నడిపిన మనిషిని. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండు ప్రొజెక్టర్ల మధ్య మార్పిడి ప్రేక్షకుడికి తెలియకుండా చేసేవాణ్ణి. ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడితే ఇక్కడ అయిపోయిన రీలు సైకిల్ మీద అక్కడికి పోయేది. టైరు పంచరైతే అక్కడ జనం ఈలలు. ఇప్పుడు అంతా సర్వర్లో ఫైలు, దానికో తాళం. ఫలానా టైం దాకా తెరుచుకోదు. తెల్లవారుజాము ఆటలు ఆలస్యమైతే ఆపరేటర్ని తిడతారు గానీ చాలాసార్లు ఆ తాళంచెవి రాకే. ఇక వెలుతురు సంగతి. దాని కొలత ఫుట్ లాంబర్ట్. తెర నుంచి 14 ఫుట్ లాంబర్ట్‌లు రావాలి. ప్రొజెక్టర్‌లో వెలిగే జినాన్ ల్యాంపుకి ఇన్ని గంటలని లెక్క ఉంటుంది. గడువు దాటినా మార్చని హాల్లో వంద అడుగుల తెరైనా, ఇరవై అడుగుల తెరైనా మసకే. దెయ్యం సినిమా అంతా చీకట్లోనే తీస్తారు. పాత ల్యాంపు మీద చూస్తే దెయ్యం ఎక్కడుందో దానికే తెలియదు.

మూలాపేట మూడో వరుస | 10:46
బాబాయ్, మాకు ఫుట్టూ వద్దు, లాంబర్టూ వద్దు. ఏ హాల్లో ల్యాంపు కొత్తదో చెప్పు చాలు.

క్యాబిన్ బాబాయ్ | 10:50
అది చెప్పకూడదు. తోటి ఆపరేటర్ల ఉద్యోగాలు.

తడ దాకా | 10:52
తెలియదని చెప్పొచ్చుగా. సూళ్లూరుపేటలో మసక అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

క్యాబిన్ బాబాయ్ | 10:55
ఆ హాల్లో మసక అని నేనన్నానా? చదవడం వచ్చా నీకు?

తడ దాకా | 10:56
వచ్చు. రీళ్లు చుట్టడం రాదు, అంతే.

క్యాబిన్ బాబాయ్ | 11:02
రీళ్లు చుట్టినవాళ్ల వల్లే మీ నాన్న సినిమాలు చూశాడు. మర్యాదగా మాట్లాడు.

కందుకూరు కూడలి | 11:05
నాన్నల దాకా వద్దు పెద్దాయనా. తమ్ముడూ, నువ్వూ తగ్గు. ఎవరైనా దెయ్యం చూశారా?

ఇద్దరు పిల్లల తల్లి, కావలి | 12:20
నేను చూశాను. దెయ్యం కన్నా డబ్బింగ్ ఎక్కువ భయపెట్టింది. పెదాలు ఆగిపోయినా మాట వస్తూనే ఉంటుంది. రెండో సగం మాత్రం బాగుంది.

కానీ బుడ్డోడి సంగతి ఒక్కరూ చెప్పలేదేంటి? సెన్సార్ సర్టిఫికెట్ చూడండి అన్నయ్యా. 2024 నవంబర్ నుంచి యూఏని మూడు ముక్కలు చేశారు, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. కత్తుల సినిమాకి 16 ప్లస్, దెయ్యానికి 13 ప్లస్ ఉంది. కామెడీ 7 ప్లస్. మీ వాడికి ఎనిమిదేళ్లు. ఇంకేం కావాలి?

ఒంగోలు కోడె | 12:28
యూఏ అంటే గేటు దగ్గర ఎవరూ ఆపరక్కా. నేను మావాణ్ణి ఎత్తుకునే తీసుకుపోయా.

ఇద్దరు పిల్లల తల్లి, కావలి | 12:35
ఆపరని నాకూ తెలుసు. ఆపేది పెద్దలకి మాత్రమే అనే 'A' సర్టిఫికెట్‌కి, పద్దెనిమిది లోపు వాళ్లని. యూఏ తల్లిదండ్రులకి చెప్పే మాట. గేటువాడు ఆపలేదు కాబట్టి నరుకుడు చూపిస్తానంటే మీ ఇష్టం. రాత్రి మూడింటికి వాడు లేచి ఏడిస్తే సముదాయించేది మీరైతే సరే.

ఒంగోలు కోడె | 12:37
మా ఆవిడే అనుకో.

ఇద్దరు పిల్లల తల్లి, కావలి | 12:38
అనుకున్నా.

మెట్ల సంగతి కూడా చెప్తా. పాత హాళ్లలో నేల మీద ఉండే క్లాసు వాలుగా ఉంటుంది, మెట్లుండవు, పెద్దవాళ్లకి అదే హాయి. మనం పరువు కోసం బాల్కనీ కొని వాళ్లని ఎక్కిస్తాం. మాల్‌లో అయితే లిఫ్టుంటుంది గానీ హాలు లోపల మెట్లుంటాయి. తలుపు ఏ వరుస దగ్గర తెరుచుకుంటుందో ముందే అడిగి ఆ వరుసే తీసుకోండి. నీళ్ల సీసా లాక్కుంటే గొడవ పడొద్దు, లోపల మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బయటి తిండి మాత్రం వాళ్లు ఆపొచ్చు.

పొగతోట మందుబిళ్ల | 12:50
ఉచిత నీళ్లు ఒక మూల కుళాయిలో పెడతారు, గ్లాసుండదు. పోయిన నెల నేను దోసిలి పట్టి తాగా.

కందుకూరు కూడలి | 12:58
పాప్‌కార్న్ రేటు గురించి మొదలుపెట్టండి, ఇక సాయంత్రం దాకా ఆగదు.

మూలాపేట మూడో వరుస | శనివారం సాయంత్రం 4:10
యాప్ చూశా. పెద్దదానికి ముందు వరుసలు ఖాళీ. దెయ్యం సగం. కామెడీకి ఉన్న ఒక్క ఆటా నిండిపోతోంది, రేపు ఇంకో ఆట కలిపారు. నేను చెప్పలా?

చీరాల ఇంకా ప్రకాశమే | 4:16
చెప్పింది నేను.

వేదాయపాళెం బండి | 6:30
అందరికీ థ్యాంక్స్. కామెడీకే అనుకుని ఇంట్లో చెప్పా. అమ్మ ఒప్పుకోలేదు. "కామెడీ టీవీలో రోజూ వస్తుంది, దెయ్యం అయితే వస్తా" అంటోంది. మోకాళ్ల మాటే లేదు. పాప అమ్మ పక్షం.

తడ దాకా | 6:34
సూళ్లూరుపేటలో దెయ్యం కూడా వేశారేమో చూడన్నా.

క్యాబిన్ బాబాయ్ | 6:36
వీడు మారడు.

వేదాయపాళెం బండి | ఆదివారం రాత్రి 10:15
పోయొచ్చాం. మాల్‌లో పక్కపక్క హాళ్లు కాబట్టి రెండు జట్లు అయ్యాం. అమ్మ, పాప, నేను దెయ్యానికి. మా ఆవిడ, బుడ్డోడు కామెడీకి. కావలి అక్క చెప్పినట్టు తలుపు పక్క వరుసే తీసుకున్నా, అమ్మకి రెండే మెట్లు. టికెట్ 177 చొప్పున అయిదుకి 885, యాప్ వాడి వడ్డింపు వేరే. రెండు వేలు దాటింది, దాటించింది పాప్‌కార్నే. దెయ్యం వచ్చినప్పుడల్లా పాప నా చెయ్యి గిచ్చింది. అమ్మ మాత్రం దెయ్యం చీర బాగుందంది. మా ఆవిడ వాళ్ల సినిమా ముందే అయిపోయి నలభై నిమిషాలు పార్కింగ్‌లో కూర్చున్నారు, దానికి ఇంటికొచ్చాక తిట్లు పడుతున్నాయి నాకు.

పొగతోట మందుబిళ్ల | 10:20
ఇంతకీ కామెడీ ఎట్టా ఉందంట?

వేదాయపాళెం బండి | 10:22
చెప్పట్లేదు. తల్లీకొడుకులు గుర్తుచేసుకుని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటున్నారు. రేపు సాయంత్రం డ్యూటీ దిగాక నేనొక్కణ్ణే పోయొస్తా.

చీరాల ఇంకా ప్రకాశమే | 10:23
రేపు సోమవారం. యాప్ చూశావా?

వేదాయపాళెం బండి | 10:25
ఇప్పుడే చూశా. లేదు.