హీటర్ కోర్ లీక్: డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాల్సిందేనా?

అందరికీ నమస్కారం. మిషిగన్‌లో ఉంటున్నాను. నాది 2002 మోడల్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రెండు వారాలుగా హీటర్ వేస్తే చాలు, కారంతా అదోరకం తియ్యటి వాసన. ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతోంది, గుడ్డతో తుడిస్తే ఇంకా అలుముకుంటోంది. నిన్న పక్కసీటు ముందు మ్యాట్ ఎత్తి చూస్తే కార్పెట్ తడిసి ముద్దయింది, వేలికి పచ్చగా అంటింది. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంటే! అంటే డ్యాష్‌బోర్డ్ లోపల, ఆ వేడి కూలెంట్‌తో కారులోకి వెచ్చటి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్ లాంటి హీటర్ కోర్ లీకవుతున్నట్టుంది.

పార్టు 60 డాలర్లే, లేబర్ మాత్రం 1,100 అన్నారు గ్యారేజీలో. బండి విలువే అంత ఉండదేమో. అందుకే నేనే మారుద్దామని. ఇంజిన్ వైపు నుంచి కోర్‌కి వెళ్లే హోస్‌లు (రబ్బరు గొట్టాలు) రెండూ తీసి ఒకదానికొకటి కలిపేస్తే లీక్ ఆగుతుంది, కానీ ఈ చలిలో హీటర్ లేకపోతే అద్దం మీద మంచు కరగదు. లీక్ ఆపే మందు పోయమని ఒక ఫ్రెండ్ అన్నాడు గానీ, రేడియేటర్ కూడా పూడుకుపోతుందని భయం.

ఎవరైనా సొంతంగా మార్చారా? ఏసీ పైపులు కదపకుండా కోర్ ఉండే హీటర్ బాక్స్ బయటికి వస్తుందా, లేక ముందే ఏసీ గ్యాస్ తీయించాలా? ఎయిర్‌బ్యాగ్ జోలికి వెళ్లే ముందు బ్యాటరీ తీసి ఎంతసేపు ఆగాలి? శని, ఆదివారాల్లో అయ్యే పనేనా? సోమవారం ఆఫీసుకి ఇదే బండి మరి.