ఓసీడీ ఎక్స్‌పోజర్‌లో మనసులో జరిగే తంతును ఆపేదెలా?

ఓసీడీ అంటే వద్దన్నా వచ్చే భయాలు, వాటిని తగ్గించుకోవడానికి పదేపదే చేసే తంతులు. 1992లో పరిశోధకుడు బాక్స్టర్ బృందం పెట్ స్కాన్లతో చూపించింది: మందుతోనైనా, ప్రవర్తనా చికిత్సతోనైనా మెరుగైన ఓసీడీ రోగుల్లో మెదడులోని కుడి కాడేట్ అనే భాగంలో చురుకుదనం తగ్గింది. ఎంత ధైర్యమిచ్చే సంగతి!

చిక్కు ఆచరణలో ఉంది. ఎక్స్‌పోజర్ అంటే భయపెట్టేదాన్ని కావాలనే ఎదుర్కోవడం: మురికి అంటుతుందని భయపడేవారు తలుపు గొళ్లెం తాకి, చేతులు కడగకుండా కూర్చోవాలి. ఆందోళన 100కి 70 దగ్గర మొదలై రెండే నిమిషాల్లో 20కి పడిపోతే నాకు అనుమానమే. చేతులు ఆగినా మనసు లోలోపల అంకెలు లెక్కపెడుతూ ఉండొచ్చు, "ఏమీ కాదులే" అని సర్దిచెప్పుకుంటూ ఉండొచ్చు. అలా తగ్గిన భయం మర్నాడు మళ్లీ అంతే బలంగా రావచ్చు, ఎందుకంటే తంతు లేకుండా తట్టుకోవడం మెదడు నేర్చుకోలేదు.

లెక్క మొదలవగానే "అంటుకుందేమో, తెలియదు" అనుకుని అనిశ్చితిని తిరిగి తెచ్చుకోవడం ఒక దారి. కానీ ఆ వాక్యమే కొత్త జపంగా మారితే? ఈఆర్‌పీ (తంతును ఆపుతూ చేసే ఎక్స్‌పోజర్ చికిత్స) చేయించేవారు దీన్ని ఎలా పసిగడతారు? వాక్యాన్ని మారుస్తుండాలా, గొళ్లేన్నే మళ్లీ తాకించాలా?