"చీట్" అన్న మాటకూ మన "చీటీ"కీ చుట్టరికం ఉందా?

ప్రశ్న (అక్షరాలవేట):
చీటీలు కట్టించుకుని ఉడాయించినవాళ్ళ మీద పేపర్లో "చీటింగ్ కేసు" అని వస్తుంది. రెండూ ఒకే మాట అని చాలామంది అంటారు. నిజమేనా? నిఘంటువు చూస్తే "చీట్"కు మూలం భూముల చట్టంలో ఉందని రాసి ఉంది. భూమికీ మోసానికీ ఏమిటి లంకె?

జవాబు (మాటలమూట):
చుట్టరికం లేదండీ. ఇంగ్లీషులో "చిట్" మన వైపు నుంచి పోయిందే, హిందీ "చిట్ఠీ" దాని మూలం. "చీట్" మాత్రం ఫ్రెంచి సరుకు. "ఎస్చీట్" తల తెగితే మిగిలింది "చీట్".

లాటిన్‌లో "కాదెరె" అంటే పడటం. దానికి "ఎక్స్" చేరి, పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి "ఒకరి వాటాకు వచ్చి పడటం" అయింది. ఇంగ్లండులో భూమి అనుభవించేవాడు వారసుడు లేకుండా పోయినా, ఘోర నేరం చేసి శిక్ష పడినా, ఆ భూమి పై ప్రభువుకు పోయేది. అదే ఎస్చీట్. మనమూ "ఆస్తి సర్కారుకు దఖలు పడింది" అంటాం చూడండి, అక్కడా పడటమే! యాక్సిడెంట్, ఛాన్స్, కేస్ కూడా ఆ "కాదెరె" సంతానమే.

ఈ వ్యవహారం చూసే రాజోద్యోగి ఎస్చీటర్. భూస్వామి పోగానే ఊరివాళ్ళను జ్యూరీగా కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, ఏ భూమి ఎవరి కింద ఉంది, ఏటా ఎంత వస్తుంది, వారసుడెవరు, వయసెంత అని రాయించేవాడు. ఆ కాగితంలో వారసుడి పేరు ఎగిరిపోతే కుటుంబం వీధిన పడినట్టే. అంత అధికారం ఉన్నచోట జనానికి అనుమానం, కోపం రాకుండా ఉండవు. 15వ శతాబ్దంలో "చీట్" చేయడమంటే భూమిని స్వాధీనం చేసుకోవడం. 16వ శతాబ్దం ముగిసేసరికి మోసగించడం అయింది. షేక్‌స్పియర్ పాత్ర ఫాల్‌స్టాఫ్ ఇద్దరు ఇల్లాళ్ళ డబ్బు మీద కన్నేసి, వాళ్ళకు తాను "చీటర్"నవుతాననీ, వాళ్ళు తనకు ఖజానా అవుతారనీ అంటాడు. అక్కడ ఉద్యోగీ మోసగాడూ ఒకే మాటలో ఇమిడిపోయారు.

జవాబు (పాతపదాలు):
ఒక్కటి చేర్చాలి. దొంగల రహస్య భాషలోనూ "చీట్" ఉండేది. 1567లో థామస్ హార్మన్ అచ్చువేసిన పదాల పట్టికలో దానికి అర్థం ఉత్త "వస్తువు". గురగురమనే చీట్ పంది, వాసన చూసే చీట్ ముక్కు, వాగే చీట్ నాలుక. ఇది ఎస్చీట్ నుంచే వచ్చిందని నిఘంటుకారులందరూ ఒప్పుకోరు. కాబట్టి నింద మొత్తం ఆ ఉద్యోగుల మీదే వేయడం తొందరపాటు.

జవాబు (సెక్షన్లసంగతి):
ఎస్చీట్ మన చట్టంలో ఇప్పటికీ బతికే ఉంది. హిందూ వారసత్వ చట్టం (1956) 29వ సెక్షన్ ప్రకారం వారసులెవరూ లేని ఆస్తి ప్రభుత్వానిది. దీని మీద పెద్ద తీర్పు మన తెలుగునేలదే: మచిలీపట్నం కలెక్టర్ కేసు, 1860, ప్రీవీ కౌన్సిల్ (తెల్లదొరల కాలంలో మన కేసులకు లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు). బ్రాహ్మణుడి సొమ్ము రాజు తీసుకోరాదన్న మనుధర్మం అడ్డుచెప్పినా, వారసుల్లేని బ్రాహ్మణుడి ఆస్తి సర్కారుకు వస్తుందని తేల్చింది.

"చీటింగ్ కేసు" సంగతి వేరు. పాత 420 స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318(4) వచ్చింది, శిక్ష 7 ఏళ్ళ దాకా. చీటీ నడిపినవాడు తర్వాత చితికిపోయి డబ్బు ఇవ్వలేకపోతే అదొక్కటే చీటింగ్ కాదు. డబ్బు తీసుకునే రోజునే ముంచే ఉద్దేశం ఉందని చూపించాలి. ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. అందుకే మొదట్లో ఏమని నమ్మబలికాడో తేదీతో సహా రాయాలి.

ప్రశ్న (అక్షరాలవేట):
చాలా కృతజ్ఞతలు. వాక్యంలో వాడేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు (మాటలమూట):
"మోసం చేశాడు" అన్న ప్రతిచోటా "చీట్" పెట్టకండి. ఉత్త అబద్ధం చెబితే "లైడ్", నమ్మించి పొరపాటు పడేలా చేస్తే "డిసీవ్డ్". సొమ్మో హక్కో పోయినప్పుడు "చీటెడ్ మీ అవుట్ ఆఫ్" అని, పోయినదాని పేరు చెప్పాలి. అన్నిటికంటే "ఆన్" దగ్గర జాగ్రత్త. "హీ చీటెడ్ మీ" అంటే నన్ను ముంచాడు. "హీ చీటెడ్ ఆన్ మీ" అంటే మొగుడో ప్రియుడో వేరొకరితో సంబంధం పెట్టుకున్నాడని. వ్యాపారంలో భాగస్వామి మీద ఇచ్చే ఫిర్యాదులో ఆ "ఆన్" పడితే అర్థం ఎక్కడికో పోతుంది.