బిట్‌కాయిన్: దాచుకునే సొమ్మా, పందెం కట్టే సొమ్మా?

పసుపుకొమ్ము అడిగిన ప్రశ్న:
పదేళ్ల తర్వాత ఖాయంగా రాబోయే ఖర్చు ఒకటుంది అనుకుందాం, పిల్లల పైచదువు లాంటిది. చేతిలో 10 లక్షలున్నాయి. అందులో కొంత బిట్‌కాయిన్‌లో పెడితే బంగారంలా విలువ నిలబడుతుందా, లేక అది వట్టి సట్టానా? "2.1 కోట్ల నాణేలకు మించి పుట్టవు కాబట్టి విలువ పోదు" అనే మాట ఎంతవరకు నిలుస్తుంది? "భవిష్యత్తు అంతా ఇదే", "అంతా మోసం" తరహా జవాబులు వద్దండీ, లెక్కలు కావాలి.

తూకంరాయి:
2.1 కోట్ల పరిమితి నిజమే. ప్రతి 2,10,000 బ్లాకులకు (బ్లాకు అంటే లావాదేవీల కట్ట), అంటే సుమారు నాలుగేళ్లకోసారి, మైనర్లకు, అంటే కంప్యూటర్లతో ఆ బ్లాకులను చేర్చేవాళ్లకు, దక్కే కొత్త నాణేలు సగమవుతాయి. 2024 ఏప్రిల్ నుంచి బ్లాకుకు 3.125. కానీ ఆ నియమం కట్టేసింది సరఫరాని మాత్రమే. గిరాకీని కట్టేసే నియమం ఏ కోడ్‌లోనూ లేదు. బంగారం ధర పెరిగితే గనులవాళ్లు ఎంతో కొంత ఎక్కువ తవ్వుతారు, ఇళ్లలో పాత నగలు బయటికొస్తాయి. ఇక్కడ కొత్త నాణేలు ఆ లెక్కన పెరగవు. గిరాకీలో వచ్చే ప్రతి ఊపూ ధర మీదే పడుతుంది. కొరత వల్ల ఊగిసలాట తగ్గదు సరికదా, పెరుగుతుంది.

పతనాలు చూడండి. 2017 డిసెంబరులో 19 వేల డాలర్లు దాటింది, ఏడాదికి 3,200 దగ్గర ఉంది. 2021 నవంబరులో 69 వేల దగ్గర, 2022 నవంబరులో 16 వేల లోపు. రెండుసార్లూ నాలుగింట మూడొంతులకు పైగా పోయింది. 2020 మార్చి 12, 13 తేదీల్లో, షేర్లు కూలుతున్న అదే వారంలో, రెండు రోజుల్లో సుమారు సగమైంది. అప్పు తెచ్చి కొన్నవాళ్ల నాణేలను, ధర బాగా పడితే, ఎక్స్‌ఛేంజీలు (నాణేలు కొనీ అమ్మే వేదికలు) వాటంతట అవే అమ్మేస్తాయి. ఆ అమ్మకం ధరను ఇంకా దించుతుంది, దాంతో ఇంకొందరివీ అమ్ముడైపోతాయి. కష్టకాలంలో ఆదుకోవాల్సిన సొత్తు సరిగ్గా అప్పుడే జారిపోవడానికి ఇదే కారణం.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది: పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, సెస్సుతో 31.2. ఎన్నేళ్లు ఉంచుకున్నా అంతే. ద్రవ్యోల్బణానికి సర్దుబాటు లేదు. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే లక్ష రూపాయల సరుకు పదేళ్లకు 1,79,000 అవుతుంది. బిట్‌కాయిన్ సరిగ్గా అంతే పెరిగిందనుకోండి, నిజానికి మీరు సంపాదించింది సున్నా. అయినా పన్ను పోను చేతికొచ్చేది 1,54,400. బంగారానికైతే దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి కట్టాక 1,68,800 మిగులుతుంది. బిట్‌కాయిన్‌లో విలువ "నిలబడాలంటే" ఏటా దాదాపు 8 శాతం పెరగాలి. పెరగకపోతే దాచుకున్నదాన్లోంచే పోతుంది.

గల్లాపెట్టె:
లెక్క సరే గానీ బంగారాన్ని మరీ నెత్తిన పెట్టుకోవద్దు. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకింది, 1999లో 250 చిల్లరకు వచ్చింది. రూపాయి పడిపోతూ వచ్చింది కాబట్టి మనకు ఆ దెబ్బ అంతగా తెలియలేదు. నగలుగా కొంటే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ పోయాకే మొదలవుతుంది మీ పెట్టుబడి.

ఇంకొకటి, "విలువ నిలపడం" ఎవరికి అన్నది చూడాలి. 2019 చివర్లో లెబనాన్ బ్యాంకులు జనం డాలర్ డిపాజిట్లను బిగబట్టేశాయి. అలాంటిచోట, రోజుకు 2 శాతం ఊగినా సరే, బ్యాంకు ఆపలేని సొత్తుకు అర్థముంది. అయితే అర్జెంటీనా, టర్కీ లాంటి దేశాల్లో మామూలు జనం ఎక్కువగా పట్టుకునేది బిట్‌కాయిన్ కాదు, డాలర్ స్టేబుల్‌కాయిన్లు, అంటే ఒక్కోటి ఒక డాలరు విలువకు కట్టేసిన డిజిటల్ నాణేలు. వాళ్లకు కావాల్సింది డాలరు. ఇక్కడ మనకు ఆ అవసరం లేదు, అందుకని నేను కూడా దీన్ని దాచుకునే సొమ్ము అనను. వట్టి జూదం అని మాత్రం ఒప్పుకోను: బ్యాంకుతో, ప్రభుత్వంతో ముడిపడని సొత్తు రూపంలో కట్టే చిన్న బీమా ఇది.

పసుపుకొమ్ము:
తూకంరాయి గారూ, 5 శాతం పెట్టి, పెరిగినప్పుడల్లా కొంత అమ్మి మళ్లీ 5 శాతానికి తెస్తే?

తూకంరాయి:
పుస్తకాల్లో బాగుంటుంది, మన పన్నుతో కుదరదు. అమ్మిన ప్రతిసారీ లాభంలో 31.2 శాతం పోతుంది. ఒక నాణెం ఇచ్చి ఇంకోటి తీసుకున్నా అది అమ్మకమే. ఒకదాంట్లో లక్ష లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం వస్తే నికరం సున్నా, పన్ను 31,200. నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లడమూ లేదు. పైగా అమ్మకం మొత్తంలో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను). రిటర్నులో సర్దుకుంటుంది, నిజమే, కానీ వచ్చిందంతా తిరిగి కొంటూ పోతే 69 అమ్మకాలకు సగం డబ్బు అందులోనే ఇరుక్కుంటుంది. రోజూ కొనీ అమ్మేవాళ్ల సంగతి ఇదే.

కాబట్టి పాళ్లు సర్దడం కొత్త డబ్బుతో చేయండి. బిట్‌కాయిన్ వాటా 5 దాటితే నెలవారీ సొమ్మంతా మిగతావాటిలోకి మళ్లించండి. మీ 10 లక్షల్లో 50 వేలు పెట్టి 80 శాతం పోయినా నష్టం 40 వేలు, చదువు ఆగదు. 3 లక్షలు పెడితే అదే పతనం 2,40,000. ఫీజు కట్టాల్సిన తేదీకి మూడేళ్ల ముందు నుంచే కొంచెం కొంచెంగా బయటికి రండి. విడతలుగా అమ్మితే పన్ను తగ్గదు, రేటు ఒక్కటే కాబట్టి. ఒకేరోజు ధరకు చిక్కుకోకుండా ఉండటానికే అది.

తాళంకప్ప:
ఎక్కడ ఉంచాలి అన్నది ఎవరూ అనలేదు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్‌ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు పోయింది. ఖాతాదారుల విత్‌డ్రాయల్స్ ఏడాదికి పైగా నిలిచిపోయాయి. పదేళ్లు దాచుకునే సొమ్మును ఎక్స్‌ఛేంజీలో వదిలేయడమంటే ఆ సంస్థకు అప్పిచ్చినట్టే.

హార్డ్‌వేర్ వాలెట్ (నాణేల రహస్య తాళంచెవిని ఉంచే చిన్న పరికరం) తీసుకుంటే తయారీదారు దగ్గరే కొనండి, సెకండ్‌హ్యాండ్ వద్దు. అది చూపించే 24 పదాలు (పరికరం పోయినా సొమ్మును తిరిగి తెరిచేవి ఇవే) కాగితం మీద రాయండి, ఫోటో తీయకండి, ఫోన్ దాన్ని క్లౌడ్‌లోకి ఎక్కించేస్తుంది. ముందు చిన్న మొత్తం పంపి, పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, ఆ పదాలతో మళ్లీ తెరవండి. సొమ్ము కనిపిస్తేనే మిగతాది పంపండి. ఈ పరీక్ష చేయనివాళ్లే రాసిన పదం తప్పని ఏళ్ల తర్వాత తెలుసుకునేది. సొమ్ము పంపాల్సిన చిరునామాను కాపీ చేశాక పరికరం తెర మీద సరిచూడండి, కంప్యూటర్‌లో మాల్‌వేర్ ఉంటే మధ్యలో మార్చేస్తుంది. ఆ పదాలకు తోడు అదనంగా పాస్‌ఫ్రేజ్ (మీరే ఎంచుకునే రహస్య పదం) పెట్టుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: ఒక్క అక్షరం తేడా వచ్చినా "తప్పు" అని రాదు, ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. పదాలను రెండు సగాలు చేసి రెండిళ్లలో పెట్టే తెలివి వద్దు, ఒక సగం పోతే అంతా పోయినట్టే. ఇంట్లో ఇంకొకరికి ఈ పదాలు ఎక్కడున్నాయో తెలియాలి. నామినీ కాలమ్ ఇక్కడ లేదు.

పీ2పీలో (మనిషి నుంచి మనిషికి నేరుగా జరిగే కొనుగోళ్లలో) చవగ్గా వస్తోందని అపరిచితుల దగ్గర కొనకండి, అమ్మకండి. మీ ఖాతాలో పడ్డ డబ్బు ఏదో సైబర్ మోసం తాలూకుదైతే, 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫిర్యాదు వెళ్లగానే ఆ గొలుసులో ఉన్న ఖాతాలు ఒక్కొక్కటీ స్తంభిస్తాయి, మీదీ అందులోనే. విడిపించుకోవడానికి ఇంకో రాష్ట్రం పోలీస్ స్టేషన్‌తో ఉత్తరాలు నడపాల్సి రావచ్చు.

గల్లాపెట్టె:
అమెరికా నుంచి తిరిగొచ్చే మనవాళ్లకు ఒక మాట. ఏడాదికి మించి ఉంచుకుని అమ్మిన నాణేల లాభానికి అక్కడ ఫెడరల్ (కేంద్ర) పన్ను రేట్లు 0, 15, 20 శాతం, ఆపై చాలాచోట్ల రాష్ట్రం పన్ను. ఇక్కడ రెసిడెంట్ అయ్యాక అమ్మితే లెక్క మొదట కొన్న ధర నుంచే మొదలవుతుంది, తిరిగొచ్చిన రోజు ధర నుంచి కాదు. విమానం ఎక్కేముందే అమ్మి, కావాలంటే వెంటనే మళ్లీ కొనుక్కుంటే కొన్న ధర కొత్తదవుతుంది. ఆ రెండు లావాదేవీల రసీదులు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, పదేళ్లకు ఆ వెబ్‌సైట్ ఉంటుందో లేదో.