ఒకే గదిలో మూడు తరగతులు: ముందే పని ముగించిన పిల్లలకు ఏం ఇవ్వాలి?

1, 2, 3 తరగతులు ఒకే గదిలో, మొత్తం 26 మంది, టీచరు ఒక్కరే. మూడో తరగతికి తీసివేతలు చెప్పే 15 నిమిషాల్లో ఒకటో తరగతి వరుస చెదిరిపోతోంది.

మూడు చప్పట్లు కొడితే పిల్లలు రెండు తిరిగి కొట్టి ఆగాలన్నది గుర్తు. రోజుకు పదిసార్లు వాడితే అదే ఆటైపోయింది. నాలుగుసార్లకు తగ్గించి, అందరూ నిజంగా ఆగేదాకా నోరు విప్పకుండా నిలబడితే మళ్లీ పనిచేస్తోంది. బోర్డు మీద జట్లకు చుక్కలు కూడా ఉన్నాయి. అల్లరికి చుక్క చెరపడం మాత్రం మానేయాల్సి వచ్చింది: ఒక్కడి వల్ల చుక్క పోతే ఇంటర్వెల్‌లో జట్టంతా వాడి మీద పడుతోంది.

అసలు చిక్కు వేరే. పలక మీద పని ముందే అయిపోయినవాళ్లే పక్కవాళ్లని గిల్లుతారు. తలా 20 చింతగింజలిచ్చి పదుల కుప్పలు పెట్టమంటే ఐదు నిమిషాలు బాగానే సాగింది, ఆరో నిమిషంలో గింజలు గాల్లోకి లేచాయి!

ఆరేళ్ల పిల్లలు చప్పుడు లేకుండా పది నిమిషాలు చేసుకోగల పని, చేసింది వాళ్లే సరిచూసుకునేది, ఏదైనా వాడినవాళ్లు చెప్పండి. మూడో తరగతి నుంచి లీడర్‌ని పెడితే రోజూ మార్చాలా, వారానికా? వారమంటే దబాయింపు మొదలవుతుంది, రోజూ అంటే పని నేర్చుకునేలోపే మారిపోతాడు.

బెత్తం, గోడకుర్చీ సలహాలు వద్దు. పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించిన 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ సంగతి అటుంచండి, దెబ్బ తిన్న పిల్లాడు ఆ పూట లెక్క వినడు.