ఎపర్చర్ పెంచమంటే తెరవమనా, మూయమనా?

ప్రశ్న (పెరంబూరు నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి తన పాత కెమెరా నాకిచ్చాడు. ఆదివారం పూట కాసిమేడు హార్బరు దగ్గరా మైలాపూరు మాడవీధుల్లోనూ ఫోటోలు తీసే ఒక గుంపుతో తిరుగుతున్నాను. అందులో సగం మంది తమిళులు, మిగతావాళ్ళు మన నెల్లూరు, చిత్తూరు వైపువాళ్ళు. తిప్పలన్నీ ఒక్క మాట దగ్గరే వస్తున్నాయి. ఒకరు "ఎపర్చర్ పెంచండమ్మా" అన్నారు. నేను అంకెను 4 నుంచి 11కి తిప్పాను. ఫోటో కాస్తా చీకటైపోయింది. పక్కనున్న అమ్మాయి "పెంచమంటే అంకె తగ్గించాలి ఆంటీ" అంది. ఇంకొకాయన "అసలు ఆ ఇంగ్లీషు మాట ఎందుకు, రంధ్రం అనండి" అని తేల్చేశారు. దీనికి సరైన తెలుగు మాట ఏదో పెద్దలు చెప్పండి. షట్టర్ స్పీడ్, ఐఎస్ఓలకు కూడా ఏమైనా ఉంటే చెబుదురూ.

జవాబు (తెలుగు మేష్టారు, రిటైర్డ్)

అమ్మా, తెలుగు మీడియం సైన్సు పుస్తకాల్లో లెన్సును కటకం అన్నారు, ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్సు నుంచి దూరపు వెలుతురు ఒకచోట కూడే దాకా ఉన్న దూరాన్ని, నాభ్యంతరం అన్నారు. రెండూ చక్కటి మాటలు. ఎపర్చర్‌ను ద్వారం అనవచ్చు. డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌కు, అంటే ఫోటోలో ముందూ వెనకా ఎంత మేర స్పష్టంగా పడుతుందో దానికి, 'క్షేత్రగహనత' అని నా ప్రతిపాదన.

జవాబు (పెళ్ళి ఫోటోలు తీసే కుర్రాడు)

మేష్టారూ, కోప్పడకండి. నేను క్షేత్రగహనత అని నోరు తిప్పేలోపు పెళ్ళికొడుకు తాళి కట్టేస్తాడు.

జవాబు (వడపళని, స్టూడియో పని)

అమ్మా, ఎపర్చర్‌ను ఎపర్చర్ అనే పిలవండి. షట్టర్, ఫోకస్ లాగా అదీ మన నోళ్ళలో నలిగిన మాటే. పేచీ అంతా దాని పక్కన చేర్చే 'పెంచు', 'తగ్గించు'తో వస్తోంది. లెన్సులో ఉన్నది సన్నటి రేకులతో విచ్చుకుని ముడుచుకునే ఒక బెజ్జం. బెజ్జాన్ని తెరుస్తాం, మూస్తాం. 'ఎపర్చర్ తెరవండి' అంటే ఎవరికైనా ఒకటే అర్థం, వెలుతురు ఎక్కువ లోపలికి రావాలని. 'పెంచండి' అంటే కొందరు బెజ్జాన్ని పెంచుతారు, కొందరు మీలాగా అంకెను పెంచుతారు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. మీ గుంపులో అందరూ ఎవరి లెక్కలో వాళ్ళు సరిగ్గానే మాట్లాడారు.

అంకె ఎందుకు ఎదురు తిరుగుతుందంటే, కెమెరా మీద మనకు కనిపించేది భిన్నంలో కింది అంకె. ఎఫ్ అంటే మేష్టారు చెప్పిన నాభ్యంతరమే. 50 మి.మీ. లెన్సులో ఎఫ్ బై 2 అంటే 50లో సగం, 25 మి.మీ. వెడల్పున్న బెజ్జం. ఎఫ్ బై 16 అంటే 3 మి.మీ. పైచిలుకు మాత్రమే. చాలా కెమెరాల తెర మీద ఆ గీత కూడా ఉండదు, ఎఫ్4, ఎఫ్11 అని ఊరుకుంటారు. గీత పోయేసరికి భిన్నం కాస్తా మామూలు అంకెలా కనిపించి మనల్ని బోల్తా కొట్టిస్తుంది.

ఇక్కడ మన పాత లెక్కలు భలే పనికొస్తాయి. రెండో వంతు అర, నాలుగో వంతు పావు, ఎనిమిదో వంతు పరక, పదహారో వంతు వీసం. లెన్సు మీద 2, 4, 8, 16 అని కనిపించేవి అచ్చంగా ఇవే! 'వీసమెత్తు' అని ఇప్పటికీ అంటున్నాం కదా, వీసం పావు కన్నా పెద్దదని ఎవరూ పొరబడరు. స్టూడియోలో నాతో పని చేసే పిల్లలకు నేను 'పావుకు తెరువు', 'వీసానికి మూయి' అనే చెబుతాను. నవ్వుతారు, కానీ తిప్పడం మాత్రం తప్పరు.

2.8, 5.6, 11లకు ఇలాంటి పేర్లు లేవు, అంకెలుగానే చెప్పుకోవాలి. అవి ఎందుకొచ్చాయో కూడా చెబుతాను. అర నుంచి పావుకు మూస్తే బెజ్జం వెడల్పు సగమవుతుంది. వెలుతురు వచ్చేది మాత్రం వైశాల్యాన్ని బట్టి, కాబట్టి అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక్కసారిగా అంత తేడా ఎక్కువ కదా, అందుకని సగం వెలుతురు దగ్గర ఒక మెట్టు పెట్టారు. అదే 2.8. ఒక్కో మెట్టును స్టాపు అంటారు. రెండుకు వర్గమూలం సుమారు 1.4. దానితో 2ను గుణిస్తే 2.8, మళ్ళీ గుణిస్తే 4, మళ్ళీ 5.6. చూడ్డానికి లాటరీ నంబర్లలా ఉన్నా వరస తప్పదు.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ గురించి మేష్టారితో వాదన పెట్టుకోను. బెజ్జం తెరిస్తే మనిషి స్పష్టంగా పడి వెనకంతా మసకబారుతుంది, మూస్తే ముందూ వెనకా రెండూ స్పష్టంగా పడతాయి. కపాలీశ్వరుడి గోపురం ముందు మనవరాలిని నిలబెట్టి ఇద్దరూ కావాలనుకుంటే పరకకో 11కో మూయండి.

జవాబు (మేష్టారు)

వీసం, పరక బాగున్నాయి. చిన్నప్పుడు ఎక్కాల పుస్తకంలో ఇవన్నీ వల్లించాం. కానీ బాబూ, పరక అంటే ఇప్పటి పిల్లలకు గడ్డిపరకే తెలుసు.

జవాబు (ప్రశ్న అడిగినవారు)

గడ్డిపరక అయినా సన్నగానే ఉంటుంది కదండీ, నాకు గుర్తుంటుంది. ఇంకో సందేహం. షట్టర్ కూడా తెరుచుకుని మూసుకుంటుంది కదా. రెంటికీ 'తెరువు' అంటే మళ్ళీ అదే గొడవ రాదా?

జవాబు (వడపళని)

మంచి ప్రశ్న. ఎపర్చర్ దగ్గర 'ఎంత' అని అడగండి, షట్టర్ దగ్గర 'ఎంతసేపు' అని అడగండి. ఎంత తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి. 'స్పీడు పెంచు' అనడంలో తప్పు లేదు గానీ, స్పీడు పెరిగితే వెలుతురు తగ్గుతుందన్న సంగతి ఆ మాటలో వినిపించదు. 'తక్కువసేపు తెరువు' అంటే వినిపిస్తుంది. అంకె ఇక్కడా మోసమే. తెర మీద 125 అని ఉంటే సెకనులో 125వ వంతు అని చదువుకోవాలి. నిండు సెకను అయితే 1 పక్కన రెండు చిన్న గీతలు పెడతారు. అవి చూసుకోకుండా చేత్తో పట్టుకుని తీస్తే ఫోటో అలికేసినట్టు వస్తుంది.

జవాబు (గుమ్మిడిపూండి, పక్షుల ఫోటోలు)

షట్టర్ సంగతి పులికాట్‌లో బాగా తెలుస్తుందండీ. చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి. నీళ్ళలో నిలబడి మేస్తుంటే 250వ వంతు చాలు. గుంపుగా లేచాయంటే 1000వ వంతుకో ఇంకా తక్కువసేపుకో వెళ్ళాలి, లేకపోతే రెక్కల చివర్లు చెదిరిపోతాయి. పొద్దున్నే వెలుతురు అంత ఉండదు, లెన్సు అప్పటికే పూర్తిగా తెరిచి ఉంటుంది. ఇక మిగిలేది ఐఎస్ఓ. దాన్ని మాత్రం నిర్భయంగా 'పెంచు' అనొచ్చు, అంకె పెరిగితే ఫోటో వెలుగూ పెరుగుతుంది.

ఐఎస్ఓ పెంచితే వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుందనుకునేవాళ్ళు మా గుంపులో చాలామంది ఉన్నారు. రాదు. వచ్చిన కొద్దిపాటి సంకేతాన్నే కెమెరా పెద్దది చేసి చూపిస్తుంది. దూరపు రేడియో స్టేషన్‌కు వాల్యూమ్ పెంచితే పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది, ఇదీ అంతే. ఫోటోలో చుక్కలు చుక్కలుగా కనిపించే ఆ గరగరనే నాయిస్ అంటారు. ఫిల్ము రోజుల్లో డబ్బా మీద అమెరికా వాళ్ళ ఏఎస్ఏ అంకె ఒకటి, జర్మనీ వాళ్ళ డిఐఎన్ అంకె ఒకటి ఉండేవి. 1974లో ఆ రెంటినీ కలిపి ఐఎస్ఓ చేశారు. ఇప్పుడు మనం వాడే 100, 200, 400 పాత ఏఎస్ఏ అంకెలే.

జవాబు (పెళ్ళి ఫోటోలు తీసే కుర్రాడు)

మీరు 'పెంచు' మీద ఇంత రాశారు గానీ, వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును బట్టి ఫోటో రంగులు సరిచేసే సెట్టింగు) దగ్గర నా బుర్ర ఇంకా తిరుగుతుంది అన్నా. వెలుతురు రంగును కెల్విన్‌లలో లెక్కేస్తారు కదా. మామూలు బల్బు వెలుతురు సుమారు 3,000 కెల్విన్, పసుపుగా ఉంటుంది. పగటి ఎండ సుమారు 5,500. ఇంకా పైకి పోతే నీలం. కానీ కెమెరాలో కెల్విన్ అంకె పెంచితే ఫోటో పసుపెక్కుతుంది! మండపంలో బల్బుల కింద 5,500 పెట్టి తీస్తే పెళ్ళికూతురు నలుగు కడుక్కోకుండా వచ్చినట్టు ఉంటుంది.

జవాబు (వడపళని)

తమ్ముడూ, ఆ అంకెతో 'వెలుతురు ఇలా ఉంది' అని నువ్వు కెమెరాకు చెబుతున్నావు, అంతే. నీలంగా ఉందని చెబితే అది విరుగుడుగా పసుపు కలుపుతుంది. కాబట్టి అక్కడ 'పెంచు' అని ఎవరికీ చెప్పకు. 'బల్బుకు పెట్టు', 'ఎండకు పెట్టు' అను.

క్రియల విషయంలో మనవాళ్ళు మొదట్నుంచీ గట్టివాళ్ళే. ఫోటో అన్న పేరు అరువు తెచ్చుకున్నాం గానీ, తీసేవాడికి 'తీయడం', తీయించుకునేవాడికి 'దిగడం' అని రెండు వేరువేరు మాటలు పెట్టుకున్నాం. 'మేం మెరీనాలో ఫోటో దిగాం' అంటే కెమెరా ఎటువైపు ఉందో అడగక్కర్లేదు. ఫిల్ము పోయి ఇన్నేళ్ళయినా మా అత్తగారు మెమరీ కార్డు చేతికిచ్చి "ఫోటోలు కడిగించుకు రా" అంటారు. నేను దిద్దను.

జవాబు (ప్రశ్న అడిగినవారు)

చాలా ధన్యవాదాలండీ. చివరిగా ఒకటి. మా అబ్బాయి లెన్సు మీద 1.8 అని ఉంది. అది మీ లెక్కలో ఏమవుతుంది? 0.95 అని కూడా ఉంటాయట, నిజమేనా?

జవాబు (వడపళని)

1.8 అంటే అర కన్నా కాస్త ఎక్కువ, 50 మి.మీ. లెన్సయితే దాదాపు 28 మి.మీ. 0.95వి కూడా ఉన్నాయి, ధర చూస్తే గుండె ఆగుతుంది. అక్కడ అర, పావు లెక్క చెల్లదు. లెన్సు ముందు నుంచి చూస్తే కనిపించే బెజ్జం 52 మి.మీ. దాటి, 50 మి.మీ. నాభ్యంతరం కన్నా పెద్దదైపోతుంది. దానికి పేరు మేష్టారే చెప్పాలి.

జవాబు (మేష్టారు)

సోలెడు బియ్యానికి తవ్వెడు కొలిచినట్టుంది. రేపు నిఘంటువు చూసి చెబుతాను.